గంటకు తొమ్మిది వందలు

“మాస్టారూ, గంటకు ఎంత అడిగితే న్యాయం?”

రేణుక ఈ ప్రశ్న అడగడం అది నాలుగోసారి. కాకినాడలో పేర్రాజు మాస్టారి దగ్గర వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్నవాళ్లలో ఆమెది మంచి పనితనం. ఎవరి కిందా ఉద్యోగం చేయకుండా మూడేళ్లుగా సొంతంగా పనులు చేసుకుంటోంది. మాస్టారికి ఒక పాడు అలవాటు ఉంది. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరు. మొదటిసారి అడిగితే కాఫీ తాగుతావా అన్నారు. రెండోసారి చేతికి గుడ్డ ఇచ్చి ఫ్యాను రెక్కలు తుడవమన్నారు. మూడోసారి వినపడనట్టే ఊరుకున్నారు. గురువన్న గౌరవం అడ్డొచ్చింది గానీ, లేకపోతే ఆ మసిగుడ్డ ఆయన ఒళ్లోనే పడేసేది.

ఆమె విసుక్కోవడంలోనూ తప్పులేదు. ఈ ఒక్క సంగతిలో ఏ ఇద్దరి మాటా కలవదు. తోటివాళ్లలో ఒకరు గంటకు మూడు వందలు చాలంటారు, ఇంకొకరు రెండు వేలకు తగ్గితే పరువు తక్కువంటారు. వీటికి తోడు ఈమె మొహమాటం ఒకటి. మొన్నటి పనికి నలభై గంటలు కూర్చుని, బిల్లులో ఇరవై ఆరే వేసింది. తక్కిన పద్నాలుగూ తన తప్పులు తాను దిద్దుకున్న గంటలట, వాటిని ఎదుటివాళ్ల నెత్తిన ఎలా రుద్దుతానంటుంది. దిద్దకుండా ఇచ్చి ఉంటే ఆ ఎదుటివాళ్లే ఇల్లు పీకి పందిరేసేవారని మాత్రం ఆమెకు తోచదు.

ఈసారి నాన్చడానికి వీల్లేదు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తామంది, సాయంత్రంలోగా వస్తుందో రాదో చెప్పాలి. మరోపక్క, అనపర్తిలో కోళ్ల దాణా అమ్మే తాతబ్బాయి గారు పదకొండింటికి ఫోన్ చేస్తానన్నారు. ఆరు నెలలు సాగే పని, గంటల లెక్కన ఇస్తారట. అది సరైన రేటుకు కుదిరితే సొంత పని నిలబడుతుంది, లేకపోతే మూడేళ్ల కష్టానికి తాళం వేసి బస్సెక్కాలి. అద్దె, కరెంటు, పని దొరకని నెలలు, ఫోన్లలోనే హరించుకుపోయే గంటలు, అన్నీ కలిపి రెండు రోజులు లెక్క కడితే గంటకు తొమ్మిది వందలు తేలింది. ఎనిమిది వందల యాభైకి తగ్గితే గిట్టదు. తీరా ఆ అంకె పైకి అనాలంటే, ఎవరి జేబులోనో చెయ్యి పెడుతున్నట్టు ఉంది ఆమెకు.

“నీ లెక్కలో తప్పుందా?” అన్నారు మాస్టారు.

“లెక్క సరిగ్గానే ఉందండీ. న్యాయమా కాదా అనే నా బాధ.”

“అయితే ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు ఆన్ చెయ్యి. రేటు నేను చెబుతాను. నువ్వు నోరు మెదపకుండా కూర్చో, చాలు.”

పదకొండు దాటిన కాసేపటికి ఫోన్ మోగింది. తాతబ్బాయి గారు తన వ్యాపారం గురించి, కోళ్ల గురించి చెప్పుకున్నంతా చెప్పుకుని, చివరికి రేటు మాట ఎత్తారు. “గంటకు తొమ్మిది వందలండీ” అని మాస్టారు ఆగిపోయారు.

అవతల ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడో బస్తాలు దింపుతున్న చప్పుడు. ఆయనకు కోపం వచ్చిందనుకుంది రేణుక. ఫోన్ పెట్టేస్తారనుకుంది. అనపర్తిలో ఇక ఎవరూ తనను పిలవరనుకుంది. ఆ నాలుగు క్షణాల్లో అనుకోవలసినవన్నీ అనుకుని, మాస్టారు వారించేలోపే బల్ల మీదికి వంగి గబుక్కున అనేసింది.

“ఏడు వందలైనా ఫర్వాలేదండీ!”

మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నారు.

“ఉండమ్మా, పెన్ను రాయట్లేదు, ఇంకోటి ఎతుకుతున్నా” అంది ఫోనులో గొంతు. “తొమ్మిదొందలని రాసుకుందావంటే ఈలోగా ఏడొందలంటారేంటి? ఇంకాసేపు ఎతికితే ఐదొందలకి దిగుద్దా? ఇందులో ఏది నిజవండీ? మా కొట్లో బస్తా రేటు ఇలా మారిస్తే, జనం తూకాన్ని కూడా అనుమానిస్తారు. పది నిమిషాల్లో మళ్లీ చేస్తాను. ఏదో ఒకటి తేల్చి చెప్పండి.”

ఫోన్ ఆగిపోయింది. రేణుకకు తన నోటిని తానే కుట్టేసుకోవాలనిపించింది.

“తిట్టండి మాస్టారూ.”

“తిట్టడానికి గంటకెంతిస్తావు?” అని ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఏం చెప్పమంటారని రెండుసార్లు అడిగినా ఆ పేపరు కదల్లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కొంత, తన మీద చాలా.

మళ్లీ మోగినప్పుడు ఫోన్ తనే తీసింది. “తొమ్మిది వందలండీ. ఇందాక నోరు జారాను” అంది. అవతల మళ్లీ అదే మౌనం. ఈసారి ఆమె పెదవి పళ్ల కింద నొక్కిపట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. గోడ గడియారంలో ముల్లు సగం చుట్టు తిరిగినట్టు అనిపించింది. మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

“తొమ్మిదొందలు. రాసుకున్నానమ్మా. సోమవారం మా దాణా ఫొటోలు పంపిస్తాను, మొదలెట్టేయండి.”

ఏ నెల సోమవారమో ఆయన చెప్పలేదు. ఈమె కూడా అడగలేదు. హైదరాబాదు కంపెనీకి రాలేనని అక్కడే కూర్చుని రాసి పంపింది. కళ్లు తుడుచుకుంది. కాసేపు హాయిగా ఉంది. తరువాత ఆ పాత పురుగు మళ్లీ తొలవడం మొదలుపెట్టింది.

“ఇంతకీ మాస్టారూ, తొమ్మిది వందలు న్యాయమేనంటారా?”

పేర్రాజు మాస్టారు పేపరు దించారు.

“ఇందాక రెండు వందలు తగ్గించమని నిన్ను ఎవరడిగారు? తాతబ్బాయి గారైతే అడగలేదు. ఆ అడిగినవాళ్లెవరో, ఇదీ వాళ్లనే అడుగు.”