కోటమ్మకు మూడు శభాష్‌లు

ఇప్పలకోన అడవిలో గూడు దొరకడం ఒకప్పుడు పెద్ద యాతన. చెట్టు చెట్టూ తిరగాలి, తొర్ర తొర్రా తొంగి చూడాలి, లోపల పాముందో ఉడుముందో తెలియక ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవాలి. ఆ బాధ తీరుస్తానని బయల్దేరాడు గుంటయ్య అనే నక్క. ‘గూటిజాడ’ అని ఒక యాప్ పెట్టాడు. ఫోను తెరిస్తే చాలు, ఖాళీ తొర్రలన్నీ బొమ్మలతో సహా కళ్లముందుంటాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూటైనా చెట్టెక్కని నక్కకు తొర్రల వ్యాపారమేమిటని మీరడగొచ్చు. అడవిలో మాత్రం ఎవరూ అడగలేదు.

వానలకు ఇంకో పది రోజులున్నాయనగా గుంటయ్య కొత్త పద్ధతి తెచ్చాడు. గూటిజాడలో ఎవరి పలుకుబడి ఎంతో కొలుస్తాడట. ఎవరి బొమ్మకు ఎన్ని శభాష్‌లు పడితే వాళ్ల పలుకుబడి అంత. పై వరసలో ఉన్నవాళ్లు కోరిన చెట్టు వాళ్లదే. అట్టడుగున ఉన్నవాళ్లు చెట్టు ఖాళీ చేయాలి.

నెమలి పురిరాజుకు పన్నెండు వేల శభాష్‌లు పడ్డాయి. అతగాడు పురి విప్పి తొర్ర పక్కన నిలబడితే ఇక తొర్రనెవరు చూస్తారు?

కోటమ్మకు మూడు పడ్డాయి. కోటమ్మ వడ్రంగి పిట్ట. ఏటా కొత్త తొర్ర తొలుచుకుని, పిల్లలు ఎగిరిపోగానే దాన్ని వదిలేసి పోతుంది. ఆ వదిలేసిన తొర్రల్లోనే చిలకలూ గోరింకలూ తరతరాలుగా కాపురాలు చేస్తున్నాయి. ఇంతకీ ఆ మూడు శభాష్‌లలో ఒకటి తనే నొక్కుకుంది, ఒకటి మగడు నొక్కాడు, మూడోది ఎలుగుబంటి ఈగను తోలబోతే పంజా తగిలి పడింది.

పురిరాజు కోరుకున్నది కోటమ్మ ఉంటున్న మద్దిచెట్టునే. ఆ తొర్రలో నాలుగు గుడ్లున్నాయి. గుంటయ్య చెట్టు కిందికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“ఏం చేయను కోటమ్మక్కా, కొలత కొలతే. నీ పలుకుబడి మూడు.”

“ఎలుగు బావది కూడా కలిపావా?”

“కలిపానక్కా, నీ మీద గౌరవంతో.”

“గుడ్లున్నాయయ్యా గుంటయ్యా! ఇంకో వారంలో పగులుతాయి. వాటిని ఎత్తుకుని ఎక్కడికి పోను?”

గుంటయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఒక దారుంది. వాగొడ్డున ఆ పెద్ద బూరుగు మాను చూశావుగా, దాన్ని ‘గూటిజాడ మహల్’ చేస్తున్నాను. నలభై కాపురాలు! ఎల్లుండి పొద్దున్నే ప్రారంభం. అందరి ముందూ నువ్వొచ్చి మూడు దెబ్బలు కొట్టు. మద్దిచెట్టు నీకే.”

“కొడతాను గానీ, లోపల పుచ్చుందో లేదో…”

“అదిగో, అదే వద్దంటున్నాను! నీకు నలుగురిలో మాట్లాడ్డం చేతకాదు. నవ్వుతూ రా, మూడు దెబ్బలు కొట్టు, నోరు మూసుకుని నీ దారిన నువ్వు పో. అంతకుమించి నాకేం వద్దు.”

“అంతేనా?”

“అంతే.”

గుంటయ్య వెళ్లాక కోటమ్మకు ఏడుపు ఆగలేదు. గుడ్లు పొదుగుతున్న మగడు “కొట్టేసి రావే, మన పిల్లలు మనకు దక్కుతారు” అన్నాడు. “మాను పుచ్చిపోయి ఉంటే నలభై ఇళ్ల పిల్లలు వాగులో కొట్టుకుపోతారయ్యా” అంది కోటమ్మ. ఇద్దరికీ తిండి సయించలేదు.

ఎల్లుండి రానే వచ్చింది. వాగొడ్డంతా సందడే సందడి. పురిరాజు ఆడాడు, చిలకలు ఈలలు వేశాయి. దాతృత్వం చాటుకోవాలన్న ఉబలాటంలో గుంటయ్య గొంతెత్తి అరిచాడు. “మన కోటమ్మక్క మూడు దెబ్బలు కొడుతుంది! అందుకు కానుకగా మద్దిచెట్టు శాశ్వతంగా ఆమెకే ఇచ్చేస్తున్నాను! మీరంతా సాక్షులు!”

కోటమ్మ నవ్వుతూ వచ్చి మానుకు అంటుకుంది. టక్, టక్, టక్. చెవి ఆనించి విన్నది. లోపల అంతా డొల్ల. ఒక్క మాటైనా అనకుండా రివ్వున ఎగిరి, వాగు అవతలున్న గిడసబారిన తుమ్మచెట్టు మీద వాలి, టకటకమని తొలవడం మొదలుపెట్టింది. చెక్కపొట్టు వాన కురిసినట్టు రాలింది.

ఇప్పలకోనలో గుడ్డులోంచి బయటపడిన ప్రతి పిట్టకూ తల్లి నేర్పే మొదటి పాఠం ఒకటుంది. వడ్రంగి పిట్ట కొట్టి చూసి, తొలవకుండా వదిలేసిన చెట్టులో కాపురం పెట్టకూడదు. వాగొడ్డున ఈలలు ఆగిపోయాయి.

గోరింక చిట్టెమ్మ ముందుగా లేచింది. “పదండే పిల్లలూ.”

“ఏయ్ చిట్టెమ్మా, ఎక్కడికి? పురిరాజుకు శభాష్ నొక్కావుగా!” అన్నాడు గుంటయ్య.

“నొక్కాను. పురి బాగుందని నొక్కాను. కాలిగోటితో నొక్కడానికి నా సొమ్మేం పోయింది? పిల్లల్ని పెట్టేది మానులో కదయ్యా!”

“మా ఆవిడైతే ఎనిమిదిసార్లు నొక్కింది” అన్నాడు చిలక పేరయ్య, రెక్కలు దులుపుకుంటూ. “అయినా కోటమ్మ కాదన్న చెట్టులో కాపురమా? మా వంశంలోనే లేదు.”

“ఆమె కాదనలేదుగా! అసలు నోరే విప్పలేదుగా!”

ఆ మాట వినడానికి అక్కడెవరూ మిగల్లేదు. నలభై కాపురాలూ వాగు దాటాయి.

గుంటయ్యకు ఒళ్లు మండింది. “రాజా, పైకెక్కి ఒక చిందెయ్యి! మాను గట్టిదని అందరూ చూస్తారు” అన్నాడు. పురిరాజు కొమ్మెక్కి, పురి విప్పి, రెండంటే రెండు చిందులు వేశాడు. ఫెళ్లుమంది! కొమ్మతో పాటు పన్నెండు వేల పలుకుబడీ బురదలో పడింది. మాను తన కడుపులోని పుచ్చు పొడంతా గుంటయ్య నెత్తిన కుమ్మరించింది.

“పైన పటారం, లోన లొటారం!” అని అరిచింది చిట్టెమ్మ. అడవి అడవంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

గుంటయ్య తుమ్ముకుంటూ తుమ్మచెట్టు కిందికి ఉరికాడు. “మోసం! నా కొంప ముంచావు! మద్దిచెట్టు ఇవ్వను గాక ఇవ్వను!”

“నువ్వు చెప్పిందే చేశానయ్యా” అంది కోటమ్మ. “నవ్వుతూ వచ్చాను, మూడు దెబ్బలు కొట్టాను, నోరు మూసుకుని నా దారిన నేనొచ్చాను. ఇంకేమన్నా చెప్పావా? సాక్షుల్ని అడగనా?”

చుట్టూ నలభై కాపురాలు కళ్లప్పగించి చూస్తున్నాయి. గుంటయ్య తేలు కుట్టిన దొంగలా తోక ముడుచుకుని బొరియ దారి పట్టాడు.

వారానికి మద్దిచెట్టులో నాలుగు గుడ్లూ పగిలాయి. కోటమ్మ సంతోషం పట్టలేక ఆ రోజు ఊరికే రెండు చెట్లు తొలిచింది. తొలివాన పడిన పొద్దున కిందినుంచి ఎవరో నీరసంగా దగ్గారు. చూస్తే గుంటయ్య, మీసాల మీంచి నీళ్లు కారుతున్నాయి.

“అక్కా, నా బొరియ మీద ఒక ఏగిస చెట్టుంది. అది కూలేదో కూలనిదో ఒక్కసారి కొట్టి చూస్తావా?”

“చూస్తానయ్యా, దానికేం” అంది కోటమ్మ. “నీ ముందు పంతొమ్మిది మంది ఉన్నారు. వరసలో నిలబడు.”

నీతి: శభాష్ అనేవాళ్లను చూసి మురిసిపోవచ్చు గానీ, పిల్లాపాపలతో వెంట నడిచేవాళ్లను చూస్తేనే పలుకుబడి ఎంతో తెలుస్తుంది.