తొమ్మిది చింతగింజలు

కృష్ణానది ఒడ్డున, కొండ మీది విహారంలో, జాలరుల పిల్లలకు అక్షరాలు నేర్పే బడి మూతపడి రెండు నెలలైంది. ముప్పై ఏళ్లు ఆ బడిని నడిపిన బూదన్న వేసవిలో కన్నుమూశాడు. వానలు మొదలైతే రేవులో పడవ నిలిచిపోతుంది. ఇక నాలుగు నెలలు అవతలి ఒడ్డు నుండి ఎవరూ రారు. ఆలోగా పిల్లలు వలలు పట్టుకుని నీటి మీదికి వెళ్లిపోతారు. అలా వెళ్లినవాడు తిరిగి బడికి రావడం ఆ ఊరిలో ఎవరూ చూడలేదు.

కొత్త ఉపాధ్యాయుణ్ణి ఎంచే పనిని విహారానికి పెద్ద అయిన మహాస్థవిరుడు నందిమిత్రుడు తన శిష్యుడు నాగబుద్ధికి అప్పగించాడు.

నాగబుద్ధి ఏ పనినైనా పద్ధతిగా చేసేవాడు. గ్రంథాలన్నీ తిరగేసి, గురువుకు ఉండవలసిన లక్షణాలను ఏరి, ముప్పై ప్రశ్నలుగా తాటాకుల మీద రాశాడు. వచ్చినవారి స్వభావానికి అవి కొలత. మంచి జవాబు వచ్చినప్పుడల్లా మట్టి మూకుడులో ఒక చింతగింజ వేస్తాడు. ఎవరి మూకుడులో గింజలు ఎక్కువైతే వారిదే బడి. ఇందులో తన ఇష్టాయిష్టాలకు చోటు లేదన్నది అతని తృప్తి.

ఇద్దరు వచ్చారు.

మొదటివాడు సువ్రతుడు, రాజధానిలో చదువుకున్నవాడు.

"మీకు కోపం వస్తుందా?"

"ఎన్నడూ ఎరుగను."

"పిల్లలందరినీ సమానంగా చూస్తారా?"

"నా కన్నబిడ్డలవలె చూస్తాను."

"మీకు తెలియనిది పిల్లవాడు అడిగితే?"

సువ్రతుడు వినయంగా తల వంచాడు. "అటువంటి అవసరం ఇంతవరకు రాలేదు."

ముప్పై ప్రశ్నలకు ముప్పై గింజలు పడ్డాయి.

రెండవవాడు కొమ్మన. ఎండలో నడిచి వచ్చాడు. మూట దించి, నీళ్లు తాగి, నేల మీద కూర్చున్నాడు.

"మీకు కోపం వస్తుందా?"

"వస్తుంది స్వామీ. మధ్యాహ్నం పూట మరీ ఎక్కువ. అన్నం తినగానే తగ్గుతుంది."

నాగబుద్ధికి నవ్వు వచ్చింది. అయితే నవ్వు తెప్పించినందుకు గింజ లేదు.

"పిల్లలందరినీ సమానంగా చూస్తారా?"

"చూడలేను. చెప్పగానే పట్టుకునేవాడంటే నాకు ఇష్టం. ఆ ఇష్టం మిగిలినవాళ్లకు కనబడకూడదని వాణ్ణి వెనక వరుసలో కూర్చోబెడతాను."

"తెలియనిది అడిగితే?"

"తెలియదంటాను. కనుక్కుని రేపు చెబుతానంటాను. రేపటికి మరచిపోతాను. వాళ్లు మరచిపోరు కదా, గుర్తు చేస్తారు."

ప్రశ్నలు ముగిశాక కొమ్మన మూకుడులోకి తొంగి చూశాడు. "ఎన్ని వచ్చాయి స్వామీ?"

"పదకొండు."

"పదకొండా! ఏడో ఎనిమిదో అనుకున్నాను," అన్నాడు. నమస్కరించి, మూట భుజాన వేసుకుని, రేవు దారి పట్టాడు.

నాగబుద్ధి రెండు మూకుళ్లను గురువు ముందు పెట్టాడు.

"సువ్రతుణ్ణి అతిథిశాలలో ఉంచాను భదంతా. తమరు ఊ అంటే రేపు ఉదయమే బడి తెరుస్తాను."

నందిమిత్రుడు రెండింటినీ చూశాడు. లేచి వెళ్లి, గూటిలో నుండి మూడో మూకుడు తెచ్చి వాటి పక్కన పెట్టాడు.

"ఇంకొకరు మిగిలారు."

"ఎవరు భదంతా?"

"బూదన్న. ఆయన రాలేడు కనుక ఆయన తరఫున నువ్వు చెప్పు. ఆయనను నీకంటె ఎరిగినవారు ఇక్కడ లేరు."

అది నిజం. ఆరేళ్ల వయసులో, వరద తల్లిదండ్రులను తీసుకుపోయిన ఏడాది, నాగబుద్ధిని ఎవరో ఈ విహారం మెట్ల మీద దించి వెళ్లారు. ఇసుక మీద అతని వేలు పట్టి అక్షరాలు దిద్దించినవాడు బూదన్నే.

గురువు తాటాకులు చేతిలోకి తీసుకున్నాడు. "కోపం వస్తుందా?"

అబద్ధమాడనని వ్రతం పట్టిన నోరు. "వచ్చేది. ఒకసారి గంటం విసిరితే గోడకు గుచ్చుకుంది."

గింజ పడలేదు.

"పిల్లల పేర్లు గుర్తుంటాయా?"

"ఉండేవి కావు. అందరినీ 'ఒరే చేపా' అనేవారు."

"నియమం తప్పక పాఠం చెబుతాడా?"

"ఏటికి కొత్త నీరు వచ్చిందంటే చాలు, పాఠం ఆపి మమ్మల్ని గట్టుకు తీసుకువెళ్లేవారు."

ముప్పై ప్రశ్నలూ అయ్యాయి. నందిమిత్రుడు మూకుడును శిష్యుడి వైపు జరిపాడు. అందులో తొమ్మిది గింజలున్నాయి.

నాగబుద్ధి వాటిని మళ్లీ లెక్కపెట్టాడు.

"నేను అడగవలసింది ఒకటి ఈ ప్రశ్నల్లో లేదు భదంతా."

"ఏమిటది?"

"నేను వచ్చిన ఏడాది ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన నన్ను మాట్లాడమని అడగలేదు. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని వేపిన శనగలు తినేవారు. సగం నా ముందు పెట్టేవారు. వానాకాలమంతా అలాగే గడిచింది. ఒకనాడు నేను, 'ఉప్పు తక్కువైంది' అన్నాను."

"ఆయన ఏమన్నాడు?"

"'అవునురా చేపా, తక్కువే' అన్నారు. మర్నాడు నా ముందు ఇసుక పోశారు."

నందిమిత్రుడు మూకుడులో చేయి పెట్టి ఒక గింజ పైకి తీశాడు.

"దానికి ఎన్ని వేద్దాం?"



గురువు ఆ తొమ్మిది గింజలను శిష్యుడి అరచేతిలో పోసి, వేళ్లు మూశాడు.

"సువ్రతుడికి భోజనం పెట్టి నేను మాట్లాడతాను. పడవ ఇంకా కదిలి ఉండదు."

ఆ విహారంలో భిక్షువులు పరుగెత్తరు. చూపు నేల మీద నిలిపి, అడుగు లెక్కగా వేసి నడుస్తారు. ఆ మధ్యాహ్నం మాత్రం వలలు ఆరబెట్టుకుంటున్న జాలరులు తలలెత్తి చూశారు. కాషాయం ఎగురుతూ ఉండగా, పిడికిలి బిగించిన భిక్షువు ఒకడు కొండ దిగి రేవుకు పరుగెత్తుతున్నాడు.

కొమ్మన ఒక కాలు పడవలో పెట్టి ఉన్నాడు. పిలుపు విని వెనుదిరిగాడు.

"ఇంకా ప్రశ్నలు మిగిలాయా స్వామీ?"

నాగబుద్ధి లేవన్నట్టు తల ఊపాడు. ఊపిరి కుదుటపడేదాకా ఆగి, అతని భుజం మీది మూటను తీసి తన భుజాన వేసుకున్నాడు.