వరండాలో పెట్టించిన స్టూలు

పొద్దుటి నుంచి పదకొండు మందికి మత్తిచ్చింది ఇందుమతి. పదకొండు మందీ ప్రాణాలతో లేచారు. అది ఆమెకు చిన్న గర్వమేమీ కాదు.

తుఫాను తీరం దాటి మూడోరోజు. సముద్రపొడ్డు ఊళ్ళో, హైస్కూలు ఏడో తరగతి గదే ఆపరేషన్ థియేటరు. రెండు బల్లలు జతచేస్తే టేబులు. కరెంటు లేదు, మత్తు యంత్రం లేదు. ఉన్నదల్లా కెటమిన్ ఇంజెక్షను. అదిస్తే నొప్పి తెలియదు, ఊపిరి తన పని తాను చేసుకుపోతుంది. కాకపోతే కలలొస్తాయి. ఆ కలల్ని అణిచే మందు నిన్ననే అయిపోయింది.

అందుకే అందరూ అరుస్తూ లేస్తున్నారు. పదకొండో ఆయనైతే "నీళ్ళు! నీళ్ళొచ్చేత్తన్నాయి!" అంటూ బల్ల మీంచి దూకబోయాడు. నలుగురు పట్టుకోవాల్సొచ్చింది.

"అరిచాడంటే బాగున్నట్టే కదా సార్," అంది ఇందుమతి.

భానోజీరావు గారు పదకొండో ఆయన నాడి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా మత్తు డాక్టరాయన. ఇందుమతి మూడేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది.

పన్నెండో మనిషి లోవతల్లి. కూలిన గోడ కింద పాదం నలిగిపోయింది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. సాయంత్రంలోగా తీసేయకపోతే మోకాలి దాకా పోతుంది. వరండాలో పడుకుని లోపలి అరుపులన్నీ వింది. బల్ల ఎక్కించగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకొద్దు డాక్టరమ్మా. ఆ మందేత్తే మళ్ళీ నీళ్ళలోకే అంపేత్తారు. ఒక్కపాలి ఈదొచ్చాను. మరి నా వల్ల కాదు."

"నొప్పి తెలీదమ్మా."

"నొప్పికి భయపడేదాన్నా నాను? మందు లేకండా కోసేయండి!"

"ఏమ్మా, ఇంకా కానివ్వరా? బయట పధ్నాలుగు మందున్నారు!" సర్జను కేక.

"కాలు కావాలా, వద్దా?" ఇందుమతి గొంతు పెరిగింది. "చెయ్యివ్వు!"

లోవతల్లి చెయ్యి ఇవ్వలేదు. పళ్ళు బిగించి పైకప్పు వైపు చూస్తోంది.

భానోజీరావు గారు వరండాలోకి వెళ్ళి ఒక స్టూలు తెచ్చారు. పొద్దున అడ్డమొస్తోందని ఇందుమతే దాన్ని బయట పెట్టించింది. ఆయన దాన్ని లోవతల్లి తల పక్కన వేసుకుని, హడావిడేమీ లేనట్టు కూర్చున్నారు.

"ఈ వేళప్పుడు ఏం చేస్తుంటావమ్మా, మామూలు రోజుల్లో?"

ఆమె అనుమానంగా చూసింది. "నెత్తళ్ళ సేపలు ఎండేత్తాను."

"ఇసకలోనేనా?"

"ఇసకలో ఏత్తే ఎవరు తింటారు బాబూ! వల పరిచి దాని మీద."

"తెలీదమ్మా నాకు. ఎండ బాగా ఉండాలేమో?"

"మాడిపోయేంత ఎండుండాలి." ఆమె పళ్ళు కాస్త వదులయ్యాయి. "కాకుల్తోనే సావు."

"సరే, నువ్వు తిరగేస్తూండు. కాకుల సంగతి నేను చూస్తాను."

ఆమె ఆయన మొహంకేసి చూసింది. తర్వాత తనే చెయ్యి చాచింది.

ఆయన మందు మెల్లగా ఎక్కించారు. ఒక చేతి వేళ్ళు ఆమె నాడి మీద, నోరు ఆమె చెవి దగ్గర. "ఎండ బాగా కాస్తోంది. ఆ వరస అయింది, ఇటు తిరగెయ్యి... హుష్, పో..." సర్జను రెండు వేళ్ళూ తీసి కుట్లు వేసేదాకా అదే మాట, అదే గొంతు.

"ఆవిడకి వినపడదు కదా సార్?" అంది ఇందుమతి.

"ఇందాకటాయనకి నీళ్ళు వినపడ్డాయి కదమ్మా."

లోవతల్లి కళ్ళు తెరిచినప్పుడు అరవలేదు. పెదాలు కదిపింది. ఇందుమతి వంగి విన్నది.

"అక్కడ... ఆ మూల కాకి."

"తోలేశాను," అన్నారు భానోజీరావు గారు. లేచి, చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళారు. స్టూలు అక్కడే ఉంది.

పదమూడో మనిషిని తెచ్చారు. మోచెయ్యి విరిగిన ముసలాయన, గజగజ వణుకుతున్నాడు. ఇందుమతి సిరంజి నింపింది.

"మందిచ్చారా?" సర్జను.

"లేదు సార్. ఒక్క నిమిషం."

సిరంజి ట్రేలో పెట్టింది. స్టూలు కాస్త ముందుకు లాక్కుని కూర్చుంది.

"తాతా, నీ పేరేంటి?"

"మరిడయ్య."

"ఈ వేళకి ఎక్కడుంటావు మరిడయ్య తాతా, మామూలుగా?"

ముసలాయన ఆలోచించాడు. "జీడితోటలో. మా ముసల్దీ నానూ పిక్కలేరతాం."

"ఎవరు ఎక్కువ ఏరతారు?" అంటూ అతని బాగున్న చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.