కూర్మయ్యను లేపిన చేతులు

వినే చెవి ఒక్కటుంటే చాలు, ఈ మాట బతుకుతుంది. అందుకే చెబుతున్నాను, వినండి.

వెనకటికి, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగే కాలాన, ఏటి ఒడ్డున ఒక వైద్యశాల ఉండేది. చెయ్యి పడిపోయినవాళ్ళు, కాలు పడిపోయినవాళ్ళు, నోట మాట పడిపోయినవాళ్ళు అక్కడికి వచ్చేవాళ్ళు. మందు పుచ్చుకుని మర్నాడు వెళ్ళిపోయే చోటు కాదది. నెలల తరబడి అక్కడే ఉండి, కూర్చోవడం, నిలబడడం, కన్నబిడ్డను పేరు పెట్టి పిలవడం మళ్ళీ మొదట్నించి నేర్చుకునేవాళ్ళు. అలా నేర్పే విద్య కోసం దూరదూరాల నుంచి పడుచు వైద్యులు వచ్చి, వాళ్ళూ అక్కడే ఉండేవాళ్ళు. లోకనాథం గారని ఒక ముసలి వైద్యుడు వాళ్ళందరికీ గురువు.

ఆ వైద్యశాలకు ఒకనాడు కూర్మయ్యను నులకమంచం మీద మోసుకొచ్చారు. కూర్మయ్య తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. వానకు తడిసిన చెట్టు మీంచి జారి పడ్డాడు. నడుము కింద చలనం లేదు. పెళ్ళాం ఎప్పుడో పోయింది. ఉన్నది ఒక్క చెల్లెలు, పోలమ్మ.

అతని చేతులు మాత్రం గట్టివి. ఆ చేతుల ఆసరాతోనే కూర్చోవడం నేర్చుకున్నాడు. మంచం మీంచి పీట మీదికి జరగడం నేర్చుకున్నాడు. ఒంటికి పుండు పడకుండా తనంత తాను ఒత్తిగిలడం నేర్చుకున్నాడు.

"ఇక ఇంటికి వెళ్ళొచ్చు కూర్మయ్యా," అన్నారు గురువుగారు.

పోలమ్మ సంబరంగా బండి కట్టుకుని వచ్చింది. సరిగ్గా ఆ పూటే కొత్త వైద్యులు ముగ్గురు వచ్చారు. ఒకడు భీమన్న, కొండంత బలం. ఒకడు విస్సన్న, నోరు తెరిస్తే శాస్త్రం. ఒకతె వరాలు, నీడను చూసినా బెదిరే పిల్ల.

గురువుగారు వాళ్ళను ఒక ముసలామె దగ్గరికి తీసుకెళ్ళి, లేపి కూర్చోబెట్టమన్నారు. ఆమె కొత్త చేతులు చూసి గజగజలాడింది. వద్దంది. పక్కమంచం ఆయనా వద్దన్నాడు. ఆ పక్కమంచం ఆవిడా వద్దంది. వాళ్ళ తప్పు కాదు. చితికిన ఒంటిని చేతకాని చేతుల్లో పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఎవరూ ఒప్పకపోతే ఆ చేతులకు చేతనయ్యేది ఎప్పుడు?

బండి ఎక్కబోతున్న కూర్మయ్య ఇదంతా చూశాడు.

"సెల్లీ, బండి తిప్పీ," అన్నాడు. "ఈళ్ళ సేతులు పండనీ. పనితనం రానీ. అప్పుడొస్తాను."

పోలమ్మ తెల్లబోయి నిలబడింది. కూర్మయ్య ఆ ముగ్గురి వైపు తిరిగి నవ్వాడు.

"ముందు నన్ను లేపండి బావూ. తాడిసెట్టే నన్నొగ్గేసింది. మీరొగ్గి పడేస్తే తప్పేటి?"

మొదట భీమన్న వచ్చాడు. గబుక్కున ఎత్తేశాడు. కూర్మయ్య కళ్ళు తిరిగి సొమ్మసిల్లాడు. తెలివొచ్చాక, "నిమ్మదిగా బావూ, తల కూడా నాతోనే రావాల గదా," అన్నాడు. భీమన్న సిగ్గుపడి నవ్వాడు. ఆ రోజు నుంచి నిమ్మదిగా ఎత్తడం నేర్చుకున్నాడు.

తరవాత విస్సన్న వచ్చాడు. నరాల గురించి తోటివాళ్ళకు వివరిస్తూ, కూర్మయ్య మొహం వైపు చూడకుండానే లేపాడు. "ఎవులితో మాటాడతన్నావు బావూ? లేస్తన్నది నాను. నాకు సెప్పు," అన్నాడు కూర్మయ్య. ఆ రోజు నుంచి విస్సన్న, "కూర్మయ్యా, ఇప్పుడు లేపుతున్నాను," అని చెప్పి మరీ లేపడం నేర్చుకున్నాడు.

చివరికి వరాలు వచ్చింది. చేతులు వణుకుతున్నాయి.

"భయపడకు తల్లీ. తాడిసెట్టే నన్నొగ్గేసింది. నువ్వొగ్గితే తప్పేటి?"

వరాలు లేపింది. సగం లేచాక అతని నడుము జారింది. ఆమె బెదిరి పట్టు వదిలేసింది. కూర్మయ్య నేల మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

అతనికి మిగిలినవి ఆ చేతులే. అందులో ఒకటి పోయింది. ఇప్పుడు జరగలేడు, ఒత్తిగిలలేడు, ముద్ద కలుపుకోలేడు.

గురువుగారి మొహం నల్లబడింది. "అమ్మాయీ, ఈ విద్య నీకు రాదు. ఊరికి వెళ్ళిపో," అన్నారు. వరాలు లోపలికి వెళ్ళింది. బట్టలు మూట కట్టుకుంది.

కూర్మయ్యకు కట్టు కడుతున్నారు. నొప్పికి పళ్ళు బిగించి, "ఆ పిల్లను పిలవండి," అన్నాడు. వరాలు తలుపు దగ్గర నిలబడి తల దించుకుంది.

"ఎక్కడికి తల్లీ పెయానం? నా సెయ్యి ఇరిగింది. నాకు అన్నం ఎవులు పెడతారు?"

వరాలు వెక్కివెక్కి ఏడ్చింది. కూర్మయ్య గురువుగారి వైపు తిరిగాడు.

"బావూ, ఈ పిల్లనంపేస్తే నాను పడ్డ పాటు ఉత్తిదే గదా. సెయ్యీ పోయి, వైద్దురాలూ పోతే నాకేటి మిగుల్తాది?"

గురువుగారు కూర్మయ్య కట్టు మీద చెయ్యి వేశారు. "పక్కన నిలబడాల్సింది నేను. నిలబడలేదు," అన్నారు. వరాలు మూట ఆయనే విప్పించారు.

వరాలు అతనికి ముద్దలు పెట్టింది. పొద్దున పెట్టింది, మధ్యాహ్నం పెట్టింది, సాయంత్రం పెట్టింది. అతను ఎంత నమిలితే ఎంత మింగుతాడో, ఎప్పుడు ఆయాసపడతాడో, ఏ పక్కకు తిప్పితే మొహం చిట్లిస్తాడో దగ్గరుండి చూసింది. కట్టు విప్పాక ఒక ఉదయం కూర్మయ్య, "ఇయాల లేపు తల్లీ," అన్నాడు. ఈసారి గురువుగారు పక్కనే నిలబడ్డారు.

వరాలు వంగి అతని వీపు మీద చెయ్యి వేసింది. వణుకు తెలిసింది. తన చెయ్యి కాదు. వణికేది అతను.

"ఏం కూర్మయ్యా?"

"ఈపాలి నాకూ భయంగానే ఉంది తల్లీ," అన్నాడు చిన్నగా.

వరాలు అతని కళ్ళలోకి చూసింది. "అయితే ఇద్దరం భయపడుతూనే లేద్దాం," అంది.

లేచారు. పీట మీద పసిబిడ్డను దింపినట్టు దింపింది.

పోలమ్మ మళ్ళీ బండి కట్టుకుని వచ్చింది. అప్పటికి ఇంకా కొత్తవాళ్ళు వచ్చారు. "ఈళ్ళ సేతులు పండనీ సెల్లీ," అన్నాడు. మూడోసారీ వచ్చింది. "నీ ఒల్లు ఊరందరికీ ఇచ్చీసినావు. నాకేటి మిగిల్సినావు అన్నియ్యా?" అని ఏడ్చింది. కూర్మయ్య ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని తనూ ఏడ్చాడు. పోలమ్మ ఎద్దులను విప్పేసి, కోతల దాకా అక్కడే ఉండిపోయింది. తాటి ముంజలు వలిచి అన్న నోట్లో పెట్టింది.

ఏళ్ళు గడిచాయి. గురువుగారు పోయారు. ఆయన చోటికి వరాలు వచ్చింది. ఒక చలికాలం కూర్మయ్యకు జ్వరం తగిలి, మళ్ళీ లేవలేదు. ఆ మంచం మీదే కన్ను మూశాడు. పోలమ్మ బండి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో అతని దగ్గర నేర్చుకున్న వైద్యులు వచ్చారు. భీమన్న తల కింద చెయ్యి పెట్టాడు. వరాలు నడుము పట్టింది. విస్సన్న అతని మొహం వైపు చూస్తూ, "కూర్మయ్యా, ఇప్పుడు లేపుతున్నాం," అన్నాడు. నిమ్మదిగా లేపి, నిమ్మదిగా బండిలో పడుకోబెట్టారు.

మళ్ళీ కొత్తవాళ్ళు వచ్చారు. మంచాల మీద వాళ్ళు మళ్ళీ బెదిరారు. ముందు ఎవరిని లేపాలి? వరాలు కాసేపు అందరినీ చూసింది. పైట బిగించి, వెళ్ళి కూర్మయ్య మంచం మీద పడుకుంది. కాళ్ళు గుడ్డతో కట్టించుకుంది.

"నన్ను లేపండి," అంది.

ఇప్పటికీ ఆ వైద్యశాలలో అంతే. వైద్యం నేర్వ వచ్చినవాళ్ళు రోగిని తాకేముందు, కాళ్ళు కట్టించుకుని ఆ మంచం మీద పడుకోవాలి. తోటివాళ్ళు లేపాలి. దాన్ని కూర్మయ్య పూట అంటారు. ఆ పూట రోగులంతా చుట్టూ చేరతారు. "నడుం పట్టు, నడుం పట్టు" అని కేకలేస్తారు, నవ్వుతారు. మంచం మీద పడుకున్నవాళ్ళలో ఎవరో ఒకరికి ఎందుకో కన్నీళ్ళొస్తాయి. ఎందుకని ఎవరూ అడగరు. దగ్గరున్న ఏ ముసలమ్మో, తనకు కదిలే చేత్తో, ఆ కళ్ళు తుడుస్తుంది.