మనుషుల పేర్లు పెట్టుకున్న గుడి

అనగనగా అన్నానంటే ఊఁ కొట్టాలి మరి! అనగనగా చీనా దేశంలో, ఒక ఏటి ఒడ్డున, ఒక చెక్క గుడి. ఎంత పాతదంటే, ఎవరు కట్టారో ఆ ఊరి తాతల తాతలకే తెలీదు. వెతికినా ఒక్క మేకు దొరకదు. దూలంలోకి దూలం దిగేసి కట్టారు.

ఆ గుడికి ఏ దేశం నుంచో హాల్వర్ అనే పొడుగాటి మనిషి వచ్చాడు. పాత గుళ్లను కొలిచి బొమ్మలు గీయడం ఆయన పని. మీసాల నిండా బూజు, మోకాళ్ల మీద మాసికలు. దూలమెక్కి కూర్చుని, దాన్ని తట్టి, "నువ్వెవరు? నీ పక్కనెవరు?" అని అడిగేవాడు. పిచ్చిదొర అని ఊరంతా నవ్వుకుంది.

దూలాలన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటే పాపం ఆయనకు తికమక. అందుకని వాటికి ఊరివాళ్ల పేర్లు పెట్టేశాడు. వంకరది 'మా' అనే కసాయివాడు. పొట్టిది మంత్రసాని. కిర్రుమనేది గుడి ఊడ్చే షూలాన్ అవ్వ.

"నేను కిర్రుమంటానా!" అని అవ్వ చీపురెత్తింది.

"అవ్వా, కప్పు బరువంతా మోసేది నువ్వే," అన్నాడు హాల్వర్.

చీపురు దిగింది. అవ్వ ఊరంతా తిరిగి తన దూలం గొప్ప చెప్పుకుంది. ఇంకేముంది, పిల్లా జెల్లా ఎగబడ్డారు. "దొరా, నేనేది?" "నేనేది?" "నేనేది?" అడిగినవాళ్లందరికీ ఒక దూలం దొరికింది, పక్క దూలం ఎవరిదో కూడా తెలిసింది.

ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. ఏరు ఒడ్డును కోసుకుంటూ వచ్చింది. ముందు మెట్లు మింగింది. తర్వాత గంట మండపం మింగింది. ఇక మిగిలింది గుడి.

"విప్పేద్దాం! కొండ మీద మళ్లీ కట్టుకుందాం!" అని హాల్వర్ కేక పెట్టాడు.

"మళ్లీ ఏది ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలుసు దొరా?" అన్నాడు కసాయి మా.

 హాల్వర్ బొమ్మల పెట్టె గంట మండపంలో ఉండి, దాంతోపాటే కొట్టుకుపోయింది. ఆయన బురదలో కూలబడ్డాడు.

"లే నాయనా!" అంది అవ్వ. "నా దూలం నేను మరిచిపోతానా? నా ఎడమన కసాయి మా, కుడిన మంత్రసాని."

హాల్వర్ ఎగిరి లేచాడు. "ఎవరి దూలం వాళ్లు పట్టండి!"

ముందు గుళ్లోని బుద్ధుడి విగ్రహాన్ని మోశారు. తర్వాత దూలాలు కదిలాయి. ముసలివాళ్ల దూలాలకు పడుచువాళ్లు భుజం పట్టారు. కొండ మీద ఒకటే అరుపులు. "నువ్వెవరు? నీ పక్కనెవరు?" జవాబు రాగానే దూలం గాడిలో పడేది. టక్కు! టక్కు! టక్కు! కప్పు నిలిచింది. హాల్వర్ అవ్వ చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పేశాడు.

ఆయన ఇక ఆ ఊరు వదల్లేదు. కొన్నేళ్లకు అక్కడే కన్నుమూశాడు. దీపం పెడదామని గుడికి వెళ్లి ఊరివాళ్లు తలెత్తి చూశారు. అందరి పేరుతోనూ ఒక దూలం ఉంది. ఆయన పేరుతోనే లేదు. ఆయన అడగలేదు, వీళ్లకు తోచలేదు.

షూలాన్ అవ్వ లెంపలేసుకుంది. "ఇంత గుళ్లో ఆ పిచ్చినాయనకు చోటివ్వలేకపోయామే! నా దూలం ఇచ్చేస్తున్నా. దానికి ఆయన పేరు పెట్టండి," అంది.

ఇప్పటికీ ఆ ఊరికి కొత్తమనిషి వస్తే, మంచినీళ్లకన్నా ముందు గుడికి తీసుకెళతారు. ఒక దూలం చూపించి, "ఇది నువ్వే," అంటారు. అడిగేదాకా ఆగరు.