గొంతులో గడ్డ, గూట్లో పొగ

"…అందుకని నేను చెప్పేది ఏంటంటే పెద్దయ్యా, ఇది పొగ వల్ల వచ్చిన గడ్డ కాదు. పుట్టుకతో వచ్చింది. కాకుల రక్తంలోనే ఉందిది," అని చెప్పి నక్క కోటయ్య కాలవలో చేతులు కడుక్కున్నాడు.

కాకి సింగమ్మ తుమ్మచెట్టు కింద ఎండలో నిలబడి ఉంది. పైన కొమ్మలు చాలా ఖాళీగానే ఉన్నాయి గానీ వచ్చి వాలమని ఎవరూ అనలేదు. ఎదురుగా లచ్చి అనే ముసలి గేదె నీళ్ళలో పడుకుని ఉంటే, దాని వీపు మీద కొంగల పెద్ద భూషయ్య ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆ గట్టు మీద ఏ తీర్పు చెప్పినా ఆయన అక్కడ నిలబడే చెబుతాడు. గేదెని ఎప్పుడూ అడగలేదు, గేదె ఎప్పుడూ కాదనలేదు.

ఊరి చివర మునిసిపాలిటీ ట్రాక్టర్లు చెత్త తెచ్చి పోసే దిబ్బ ఒకటుంది. అది ఆరేదే లేదు. టైర్లు కాలతాయి, రాగి కోసం వైర్లు కాలుస్తారు, పేరు తెలీనివి కూడా ఏవో కాలతా ఉంటాయి. ఆ దిబ్బ పక్కన మోడైపోయిన సుబాబుల్ చెట్ల మీద కాకులుంటాయి. గాలి బాగా వచ్చే కాలవగట్టు తుమ్మల మీద కొంగలుంటాయి. ఇట్టా ఎందుకు పంచుకున్నారంటే, ఎప్పుడో కొంగల తాతలు అన్నారంట, మా తెలుపు మాసిపోద్ది, మీ నలుపుకి మసి పట్టినా కనపడదు గదా అని. కాకుల తాతలు నవ్వి ఊరుకున్నారంట. ఆ నవ్విన నవ్వు ఇంత దూరం వచ్చింది.

సింగమ్మ మొగుడు పోయిన ఎండాకాలం గొంతులో గడ్డ లేచి మెతుకు దిగక పోయాడు. ఇప్పుడు సింగమ్మకీ లేచింది. తన గురించి ఆమె అడగడానికి రాలేదు. గూట్లో పిల్లలిద్దరికీ గొంతు కింద చెయ్యి పెడితే తగలతా ఉంది. ముదరకముందే వాళ్ళని ఆ పొగలోంచి బయటికి తెచ్చుకోవాలి. ఈ గట్టు మీద ఒక్క కొమ్మ ఇప్పించమని వచ్చింది.

వైద్యుడు ఏమంటే అది, అన్నాడు భూషయ్య. ఆ వైద్యుడే కోటయ్య. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు అరుగు కింద చాలా రోజులు పడుకున్నాడు, అదే ఆయన చదువు. దిబ్బ దగ్గరకి వచ్చి మా పిల్లల్ని చూడయ్యా అని కాకులు ఎన్నిసార్లు పిలిచినా, ఆ పొగ నా గొంతుకి పడదమ్మా అనేవాడు. ఆ మాట అని, ఊపిరి కూడా తీసుకోకుండా, పొగ వల్ల ఏం కాదులే అనేవాడు. రెండు మాటలూ ఒక నోట్లోంచే వస్తన్నాయని ఆయనకి ఏనాడూ తట్టలేదు.

భూషయ్య కూడా తన మాట కలిపాడు. కుళ్ళింది తింటారు, గూళ్ళు కూడా పుల్లలతో కాకుండా వైరు ముక్కలతో కడతారు, ఇంక రోగాలు రాక ఏమొస్తాయి అన్నాడు.

"పుల్లలున్న చెట్లన్నీ మీ వైపే ఉన్నాయి గదా పెద్దయ్యా," అంది సింగమ్మ.

అది విననట్టు ఆయన రెక్క సర్దుకున్నాడు. నీ మీద నాకేం కోపం లేదమ్మా అన్నాడు. రక్తంలో ఉన్న జబ్బుని తెచ్చి ఈ గట్టు మీద పెట్టుకుంటే రేపు తన పిల్లలకి ఏం చెప్పుకోవాలి అన్నాడు. అంతా చాలా మెల్లగా, పూజలో ఉన్నట్టు అన్నాడు.

సింగమ్మకి విసుగొచ్చింది. కోపం కూడా కాదు. కోపానికి బలం కావాలి. ప్రతి ఏడూ ఇదే గట్టు, ఇదే గేదె, ఇవే మాటలు. తిరిగి పోదామనే అనుకుంది. అప్పుడు చెట్టు చిటారు కొమ్మ మీద కోయిల కనపడింది. పొద్దున్నే కొంగలకి పాటలు పాడిద్ది, అందుకని ఆ కొమ్మ ఆమెకి ఊరికే ఇచ్చారు. సింగమ్మ చూసేసరికి కోయిల తల పక్కకి తిప్పుకుంది.

ఆ తల తిప్పుకోవడం చూశాక సింగమ్మ వెళ్ళలేదు.

"సరే డాక్టరుగారూ, రక్తంలోదే అనుకుందాం," అంది. "అయితే నా గూట్లో పెరిగినా, కాకి కానోడికి రాకూడదు గదా?"

"ఎట్టా వచ్చిద్దమ్మా? రక్తం వేరైతే రాదు."

"నా గూట్లో ఇద్దరున్నారు. ఒకడు నా గుడ్డులోంచి వచ్చాడు. ఇంకోడు కాదు."

కొంగలన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. కాకికి ఆ సంగతి తెలీదని లోకమంతా అనుకుంటది. చెట్టు మీద కోయిల గోళ్ళు కొమ్మని గట్టిగా పట్టుకున్నాయి.

సింగమ్మ పందెం పెట్టింది. ఇద్దర్నీ ఇక్కడికే తెచ్చా, గొంతు పట్టి చూసి ఎవరు కాకో చెప్పండి అంది. డాక్టరు సరిగ్గా చెబితే పిల్లల్ని తీసుకుని దిబ్బకి పోతా, మళ్ళీ ఈ గట్టు తొక్కను. తప్పు చెబితే ఒక కొమ్మ ఇవ్వాలి. మళ్ళీ రాదన్న మాట వినగానే భూషయ్య సరేనన్నాడు. కోటయ్యకైతే మీసం కూడా లేచింది.

సింగమ్మ కాలవ పక్క జమ్ముగడ్డిలో కూర్చోబెట్టి వచ్చిన పిల్లల్ని పిలిచింది. డాక్టరు ఒళ్ళు తడుముతాడు, నేను చెప్పేదాకా నోరు తెరవమాకండి అని చెవిలో చెప్పింది. ఇద్దరూ నల్లగానే ఉన్నారు. చిన్నోడి గొంతు కింద గింజంత ఉంది. పెద్దోడికి రేగ్గాయంత ఉంది. గూట్లో ముందు వాడే పుట్టాడు, బలమైనోడు, పొగ వచ్చేవైపు అంచు మీద ఎప్పుడూ వాడే కూర్చుంటాడు.

కోటయ్య పెద్దోణ్ణి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని తడిమాడు, తల ఊపాడు. ఈయన తల ఊపే తీరు చూస్తే జబ్బు లేనోడికి కూడా జబ్బు వచ్చిద్ది.

"చూశారా పెద్దయ్యా, ఇంత గడ్డ! వీడు అచ్చమైన కాకి. తాతలనాటి రక్తం. ఆ చిన్నోడు వేరే, వాడికి పక్కన పడుకుని కాస్త అంటింది అంతే."

"ఖాయమేనా డాక్టరుగారూ?"

"మళ్ళీ చూడక్కర్లేదు."

సింగమ్మ పెద్దోడి తల నిమిరింది. "ఆకలేస్తందా నాయనా? అడుగు మరి."

వాడు నోరు తెరిచాడు. ముందు గాలే వచ్చింది. తర్వాత తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టు గీరుకుంటా వచ్చింది.

"కూ… కు… ఊ…"

బొంగురుదే. సగం గొంతులోనే ఆగింది. అయినా అది ఏంటో కొంగలకి ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ వినే పాటే. కోయిల కొమ్మ కొమ్మా దిగి కిందకి వచ్చి, వాడి పక్కన నిలబడి, నా బిడ్డే అంది. వినపడీ వినపడనట్టు అంది.

కోటయ్య అంత తేలిగ్గా వదిలే మనిషా? కాకి పెట్టిన ఎంగిలి తిన్నాడు గదా, దాంట్లోంచి వచ్చుంటది అన్నాడు. భూషయ్య వెంటనే అదే అయ్యుంటది అన్నాడు.

అప్పుడు కిందనించి మాట వచ్చింది. గేదె లచ్చి మాట్లాడిందని అర్థం కావడానికి అందరికీ కాస్త టైం పట్టింది.

"నా దూడ ఆ దిబ్బ పక్కన మేసింది. దానికీ గొంతు కిందే లేచింది. అదేం కాకి ఎంగిలి తినలేదయ్యా," అంది లచ్చి. అని, ఈగల్ని దులుపుకున్నట్టు ఒళ్ళు ఒక్కసారి దులిపింది.

భూషయ్య బురదలో పడ్డాడు. లేచి నిలబడ్డాక ఆయన ఏ రంగులో పుట్టాడో ఎవరూ చెప్పలేకపోయారు. కోటయ్య, వేరే ఊళ్ళో పేషెంటు ఉన్నాడని గుర్తొచ్చి, అటునించి అటే పోయాడు.

అంతమందిలో ఇచ్చిన మాట, కొమ్మ ఇచ్చారు. బాగా కింది కొమ్మ. పైవి ఖాళీగానే ఉన్నాయి. సింగమ్మ పిల్లల్ని తెచ్చి దాని మీదే కూర్చోబెట్టింది.

సాయంత్రం కోయిల వచ్చి పక్కన వాలింది. తెలిసే పెంచావా అని అడిగింది.

"గుడ్డు చూస్తే తెలీదా అమ్మా. నోరు తెరిచాడు, పెట్టాను."

"నీ గూడు ఎక్కడుందో నేను చూసుకోలేదు సింగమ్మా. గూడు దొరికింది గదా, చాలనుకున్నా," అంది కోయిల.

సింగమ్మ పిల్లల్ని రెక్కతో జరగమని, కోయిలకి కూడా కాస్త చోటిచ్చింది.

చిన్నోడి గింజ మెల్లగా కరిగింది. పెద్దోడి గడ్డ తగ్గింది గానీ గొంతు మాత్రం బాగుపడలేదు. వాడు పాడితే ఇప్పటికీ కాకో కోయిలో తెలీదు. దిబ్బ ఇంకా కాలతానే ఉంది. మిగతా కాకులు ఇంకా అక్కడే ఉన్నాయి, ఒక్కొక్కటే వచ్చి కొమ్మ అడుగుతా ఉంటే భూషయ్య ఆలోచిద్దాం అంటా ఉన్నాడు.

సింగమ్మ గడ్డకి మాత్రం అప్పటికే ఆలస్యం అయిపోయింది. వానలు పడకముందే ఆమె గొంతులో నీళ్ళు కూడా దిగడం మానేసినయ్యి. ఆమె చివరిరోజున కోటయ్య మళ్ళీ వచ్చాడు, ఆమెని చూడ్డానికి చుట్టూ చేరిన కాకుల గొంతులు ఒక్కొక్కటే పట్టుకుని, మీ తాతకుందా, మీ నాయనకుందా అని అడగతన్నాడు. సింగమ్మ కొమ్మ మీంచి తల పైకెత్తింది. మాట్లాడే ఓపిక లేదు, అయినా ఆయన్ని పిలిచి ఒక మాట అంది. అదే ఆఖరి మాట. ఆ మాటని దిబ్బ మీద కాకులు ఈ రోజుకీ పిల్లలకి, ఆమె ఎట్టా అందో అట్టానే చెబుతాయి:

"గొంతు పట్టి చూసే ముందు, గూడు ఎక్కడుందో చూడయ్యా."