ఐదో కడియం

ఆ రాజ్యంలో దొంగతనం చేసినవాడి కాలికి ఇనుప కడియం వేసేవారు. వేసిన కడియం మళ్ళీ తీసేది లేదు. దొంగ ఎక్కడికి వెళ్ళినా జనం గుర్తుపట్టి జాగ్రత్తపడాలని ఆ ఏర్పాటు. కడియాలు చేసి తొడిగే పని కోట పక్కనున్న కమ్మరిది. ముప్పై ఏళ్ళుగా అతనే తొడుగుతున్నాడు.

ఒకరోజు భటులు ఒక దొంగను తెచ్చి కొలిమి ముందు నిలబెట్టారు. కమ్మరి తలెత్తి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మళ్ళీ నువ్వేనట్రా! ఇది ఐదోసారి. నీకు కడియాలు చేసీ చేసీ నా రెక్కలు పడిపోతున్నాయి. సిగ్గుండక్కర్లా?"

"సిగ్గుందయ్యా. ఆకలి కూడా ఉంది."

"ఏదో ఒక పని చేసుకు చావొచ్చుగా!"

"అడగని గడప లేదు. మొహం చూడకముందే కాలు చూస్తారు. చూసి తలుపేస్తారు."

దొంగ కాలు చీలమండ నుంచి పిక్క దాకా కడియాలతో నిండిపోయింది. వాటి కింద చర్మం పుండ్లు పడింది. ఐదోది పట్టే చోటే లేదు. కమ్మరి పట్టకారు విసిరికొట్టి, మసి చేతులు కూడా కడుక్కోకుండా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, వాడి కాలు అయిపోయింది."

"రెండో కాలు ఉంది కదా," అన్నాడు రాజు.

"అదీ అయిపోతే?"

"నాలుగు కడియాలకు బుద్ధి రాలేదంటే శిక్ష చాలలేదన్నమాట. ఈసారి బరువైనది చెయ్యి."

కమ్మరికి ఒళ్ళు మండింది. "ఇనుము వంగలేదని మేం ఇంకా పెద్ద సమ్మెట తేము ప్రభూ. కొలిమిలో పెట్టి కాస్తాం."

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు నవ్వలేదు.

"అలాగే కాయి. ఏడాది పాటు వాణ్ణి నీ దగ్గరే పెట్టుకో. ఈలోగా వాడు దొంగతనం చేశాడా, ఐదో కడియం నీ కాలికే."

నోరు జారిన కమ్మరి, తనను తానే తిట్టుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడే ఒక అవ్వ కొలిమి దగ్గరికి వచ్చింది. నిరుడు ఆ దొంగ ఎత్తుకుపోయింది ఆమె విత్తనాల మూటనే.

"ఆ ఏడు నా చేను బీడు పడింది నాయనా," అంది. "నా మనవరాలు గంజి కోసం ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. వీడికి ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్నావట. మమ్మల్ని ఎవరు పిలిచి పెట్టారు?"

దొంగ కొలిమి తిత్తి ఊదడం ఆపి తల దించుకున్నాడు. అవ్వ వెళ్ళిపోయింది. ఆ రోజు కమ్మరి సమ్మెట దెబ్బ ఒక్కటీ సరిగ్గా పడలేదు.

దొంగకు పని అంత తొందరగా పట్టుబడలేదు. మూడు నాగటి కర్రులు మాడ్చేశాడు. తన వేళ్ళు తానే చితక్కొట్టుకున్నాడు. కమ్మరి తిట్టని తిట్టు లేదు. ఆరో నెలలో ఒక కర్రు సాగగొట్టి చేతికిస్తే, కమ్మరి అంచు తడిమి చూసి ఏమీ అనలేదు. అతను ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

ఎనిమిదో నెలలో కమ్మరి జొన్నలు కొనుక్కురమ్మని దొంగను అంగడికి పంపాడు. షావుకారు కాలు చూసి, "నీకు అమ్మేది లేదు పో," అని నలుగురిలో గెంటించాడు. దొంగ నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, అంగడి వెనక ఆరబోసిన జొన్నలు తువ్వాల్లో మూటగట్టాడు. ఆ మూటా, ఖర్చు కాని డబ్బూ తెచ్చి కమ్మరి ముందు పెట్టి జరిగింది చెప్పాడు.

"నా నోట్లో మన్ను కొట్టావు కదరా!" కమ్మరి అరిచాడు. "ఎనిమిది నెలలు నీతో గొంతు చించుకున్నాను! ఇంత చేసినవాడివి అటునుంచి అటే పారిపోక, మళ్ళీ నా మొహాన ఎందుకు తగలడ్డావు?"

దొంగ ఆలోచించాడు. "పొద్దున్నే కొలిమి రాజెయ్యాలి కదయ్యా," అన్నాడు.



షావుకారు ఫిర్యాదు కోటకు చేరింది. రాజే స్వయంగా వచ్చాడు.

"మాట గుర్తుందా?"

"ఉంది ప్రభూ."

"నీకు తొడిగేదెవరు?"

"ఆ పని తెలిసినవాడు వీడొక్కడే," అని కమ్మరి ఇనుము సాగగొట్టే దాగలి పక్కన కూర్చుని కాలు చాపాడు.

దొంగ కాల్చిన ఇనుము పట్టకారుతో తెచ్చాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుపు తర్వాత ఏడువు. చెయ్యి వణికితే కాలేది నా కాలు," అని కసిరాడు కమ్మరి.

చెయ్యి వణకలేదు. తడిగుడ్డ చుట్టిన కాలి చుట్టూ ఇనుము గుండ్రంగా వంగి అతుక్కుంది. చర్మం కమలనైనా లేదు.

పక్షం తిరక్కుండానే కొలిమి బోసిపోయింది. ముప్పై ఏళ్ళుగా వచ్చే రైతులు పక్కూరి కమ్మరిని వెతుక్కున్నారు. వియ్యంకుడు పెళ్ళికి పిలవలేదు. కమ్మరి రోజూ మెట్టు మీద కూర్చుని, తన చేత కడియం తొడిగించుకున్న వాళ్ళని ఒక్కొక్కరినే గుర్తు చేసుకునేవాడు. చాలామంది మొహాలు గుర్తు రాలేదు.

అంతలో గొర్రెను దొంగిలించిన ఒకణ్ణి వెంటబెట్టుకుని రాజు వచ్చాడు. "వీడికి కడియం చెయ్యి," అన్నాడు.

"కడియం పడ్డవాణ్ణి నమ్మి పని అప్పజెబుతున్నారా ప్రభూ?"

"నీ పనితనం నాకు తెలుసులే."

"వీడి పనితనం కూడా ఎవరైనా తెలుసుకుని ఉంటే బాగుండేది," అని కమ్మరి దొంగను చూపించాడు.

రాజు విసుక్కున్నాడు. "అయితే దొంగల్ని ఏం చెయ్యమంటావు? ముద్దు చెయ్యమంటావా?"

"నాకు తెలియదు ప్రభూ. ఇన్నాళ్ళూ తమకు తెలుసనుకున్నాను."

రాజు గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. గొర్రెల దొంగను ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అతను అక్కడే నిలబడిపోయాడు.

కోతలు మొదలయ్యాయి. ఆ సాయంత్రమే అవ్వ కొడవలి పట్టుకుని వచ్చింది. కమ్మరి చెయ్యి చాపాడు. ఆమె అతణ్ణి దాటి వెళ్ళి దొంగ చేతిలో పెట్టింది.

"నేనేమీ మర్చిపోలేదు," అంది. "పదును పెట్టు."

దొంగ కొడవలిని నిప్పుల్లో పెట్టాడు. గొర్రెల దొంగ ఎవరూ చెప్పకుండానే తిత్తి అందుకున్నాడు. అవ్వ ఇంటికి వెళ్ళలేదు. నేల మీద చతికిలబడి, పని అయ్యేదాకా దొంగ చేతుల్నే చూస్తూ కూర్చుంది.